శాలువా కప్పి వదిలేస్తే సరిపోదు



ఈ ఏటి విద్యార్థుల సన్మాన సభ తేదీ ఖరారు చేయడానికి వచ్చే ఆదివారం మన సంఘం కమిటీ కూర్చుంటోంది. ఆ లోపే నా మనసులో ఉన్నది చెప్పేస్తే మంచిదని రాస్తున్నాను. కొంచెం పెద్దగానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి. కోపం వస్తే ఫోన్ చేసి తిట్టండి, నా నంబరు మీ అందరి దగ్గరా ఉంది.

పోయిన దసరాకి ఊరికి పోతూ మన్నాఎఖెల్లి దగ్గర హైవే మీద ఒక దాబాలో చాయ్ తాగడానికి ఆగాను. చాయ్ తెచ్చిన పిల్లాడు గ్లాసు పెట్టి కదలకుండా నిలబడ్డాడు.

"కాకా, గుర్తుపట్టలేదా నన్ను?"

పట్టలేదు. తనే చెప్పాడు. నిర్ణా పిల్లాడు. మూడేళ్ల కింద మన సభలో ఎస్ఎస్ఎల్‌సిలో మంచి మార్కులు వచ్చినందుకు శాలువా కప్పించుకున్నాడు. అయిదు వేల చెక్కు వాడి చేతికి ఇచ్చింది ఎవరో కాదు, నేనే. ఫోన్‌లో వెతికితే ఫోటో కూడా దొరికింది. పక్కనే వాళ్ల అమ్మ, కొత్త చీర కట్టుకుని నవ్వుతూ.

"చదువు ఏమైంది బిడ్డా?" అని అడిగాను.

"ఆగిపోయింది కాకా" అన్నాడు. అంతకంటే ఎక్కువ చెప్పడానికి వాడికి టైం లేదు. అవతల లారీ డ్రైవర్లు రోటీకి పిలుస్తున్నారు.

దాబాలో పనిచేయడం తప్పని నేను అనడం లేదు. కష్టపడి తినేవాడు ఎక్కడున్నా గౌరవమే. కానీ ఆ పిల్లాడు లెక్కల్లో మన ఊళ్లో చాలామంది కంటే ముందున్నవాడు. ఇంజనీరు అవుతానని ఆ రోజు మైకులో చెప్పాడు. మనమందరం చప్పట్లు కొట్టాం. తర్వాత మూడేళ్లలో మనలో ఒక్కరం, నాతో సహా, వాడికి ఒక్క ఫోన్ చేయలేదు.

ఊరికి పోయాక వాళ్ల ఇంటికి వెళ్లి కూర్చుని విన్నాను. జరిగింది ఇదీ. రిజల్ట్ రాగానే జహీరాబాద్‌లో ఉన్న మేనమామ "ఇక్కడ ఇంటర్‌లో వేద్దాం, మా ఇంట్లో ఉంటాడు, ఫీజు సర్కారు కడుతుంది" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. ఒక ప్రైవేటు కాలేజీలో చేర్పించారు. కాలేజీవాళ్లు కూడా "రీయింబర్స్‌మెంట్ వస్తుందిలే" అన్నారట. రెండో ఏడాదిలో కాగితాలు అడిగితే ఆధార్ కర్ణాటకది, ఆదాయ సర్టిఫికెట్ కర్ణాటకది. తెలంగాణ పథకం వర్తించదన్నారు. అప్పటికి రెండేళ్ల ఫీజు బాకీ. అదే ఏడు సోయా పంట వానకు పోయింది. బాకీ కట్టేదాకా సర్టిఫికెట్లు ఇవ్వమన్నారు. సర్టిఫికెట్ లేకపోతే ఇటు పక్క కాలేజీలో చేరలేడు. ఒక ఏడాది ఇంట్లో కూర్చున్నాడు. తర్వాత దాబా.

మనం ఇచ్చిన అయిదు వేలు ఏమయ్యాయని అడగలేదు. వాళ్ల అమ్మే చెప్పింది. "కాలేజీలో చేర్చేటప్పుడు అడ్వాన్సు కింద అవే కట్టినం అన్నా" అని.

అంటే మన చెక్కే వాడిని ఆ తప్పు దారిలో మొదటి అడుగు వేయించింది. అప్పుడు డబ్బుకంటే ముందు వాడికి కావలసింది పక్కన కూర్చుని "ఆగు, ఇక్కడ చేరితే నీకు ఏ పథకం వస్తుంది, ఏది రాదు, ముందు అడుగుదాం" అనే ఒక మనిషి. ఆ మనిషి దొరకలేదు. ఈ పోస్టులో నేను చెప్పాలనుకున్నది అదే. మన సంఘం పిల్లలకు డబ్బు ఇస్తోంది. మనిషిని ఇవ్వడం లేదు.

ఇది ఆ పిల్లాడి తెలివితక్కువతనమో, మేనమామ తప్పో అనుకుని వదిలేయకండి. మన ఊరు ఉన్న చోటే అలాంటిది. కొత్త తరం సభ్యులకు తెలియకపోవచ్చు కాబట్టి ఒక మాట చెప్తాను.

1956 దాకా మనది హైదరాబాద్ రాష్ట్రంలోని బీదర్ జిల్లా. మన నిర్ణా సర్కిల్ జహీరాబాద్ తాలూకాలోనే ఉండేది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం వచ్చినప్పుడు జహీరాబాద్ తాలూకాను ఆంధ్రప్రదేశ్‌లో కలుపుతూ, అందులోంచి నిర్ణా సర్కిల్‌ను మాత్రం మినహాయించారు. ఆ మినహాయింపు చట్టంలో మన ఊరి పేరుతోనే ఉంది. ఆ ఏడు నవంబర్ 1న తాలూకా అటు పోయింది, మనం ఇటు మైసూరు రాష్ట్రంలో ఉండిపోయాం. తర్వాత అది 1973లో కర్ణాటక అయింది. మనం హుమ్నాబాద్ తాలూకా కింద ఉండి, ఇప్పుడు చిటగుప్ప తాలూకాలోకి వచ్చాం.

తప్పో ఒప్పో ఆ చర్చ ఇప్పుడు వద్దు. దాదాపు డెబ్భై ఏళ్లు గడిచాయి. కానీ కాగితం మీద గీత గీసినంత సులువుగా చుట్టరికాలు తెగవు కదా. ఇవాళ్టికీ మన ఆడపిల్లల అత్తవారిళ్లు అటు, మన కోడళ్ల పుట్టిళ్లు అటు. బట్టలకు, ఆసుపత్రికి, పెళ్లి సామానుకు జహీరాబాదే. అందుకే పిల్లాడి చదువు దగ్గరకు వచ్చేసరికి మన కాళ్లు అలవాటు ప్రకారం అటే పోతాయి. కానీ చదువు, ఉద్యోగం, స్కాలర్‌షిప్ అనేవి చుట్టరికం చూసి రావు. నువ్వు ఎక్కడివాడివి, ఎక్కడ ఎన్నేళ్లు చదివావు అని చూస్తాయి. తెలంగాణలో 371(డి) కింద స్థానికత లెక్కలు ఉన్నాయి. కర్ణాటకలో మన ప్రాంతానికి 371(జె) ఉంది. రెండింటి మధ్య ఏది ఏమిటో తెలియకపోతే మన పిల్లాడు రెంటికీ చెడ్డ రేవడి అవుతాడు. మా దాబా పిల్లాడు అయినట్టు.

371(జె) అనే మాట మన సభల్లో ఉపన్యాసాల్లో చాలాసార్లు విన్నాం. రాజ్యాంగ 98వ సవరణ, 2012. హైదరాబాద్-కర్ణాటక ప్రాంతం వెనుకబడిందని, విద్యలో, ఉద్యోగాల్లో ప్రత్యేక వాటా ఇచ్చారు. 2019లో ఈ ప్రాంతానికి కల్యాణ కర్ణాటక అని పేరు మార్చారు. దాని అసలు విలువ ఎంతమందికి తెలుసు? మన ప్రాంతంలోని విద్యాసంస్థల్లో 70 శాతం సీట్లు మన ప్రాంతం పిల్లలకు. రాష్ట్రంలో మిగతాచోట్ల 8 శాతం. మన ప్రాంతంలోని ప్రభుత్వ ఉద్యోగాల్లో గ్రూప్ ఎ, బి అయితే 75 శాతం, గ్రూప్ సి 80 శాతం, గ్రూప్ డి 85 శాతం. ఇంత పెద్ద తలుపు మన ఇంటి ముందు తెరిచి ఉంది.

కానీ అడగందే అమ్మైనా పెట్టదు. అర్హత ఉండటం వేరు, అర్హత సర్టిఫికెట్ చేతిలో ఉండటం వేరు. అసిస్టెంట్ కమిషనర్ ఆఫీసు నుంచి ఆ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. సిఇటి దరఖాస్తులో ఆ కాలమ్‌లో అవునని టిక్కు పెట్టాలి. ఆదాయం, కులం సర్టిఫికెట్లు నాడకచేరి నుంచి వేరే తెచ్చుకోవాలి. పేరులో ఒక అక్షరం ఆధార్‌లో ఒకలా, మార్కుల కార్డులో ఇంకోలా ఉంటే మళ్లీ మొదటికి. స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేసి, బ్యాంకు ఖాతా ఆధార్‌తో ముడిపడకపోతే మంజూరైన డబ్బు కూడా చేతికి రాదు. కూలికి పోయే తండ్రి ఒక్కో కాగితానికి ఒక్కో రోజు కూలి పోగొట్టుకోవాలి. రెండు సార్లు తిరిగి "పోనీలే, మన తలరాతలో లేదు" అంటాడు. అది తలరాత కాదు. పక్కన మనిషి లేకపోవడం.

ఇంకో ఉదాహరణ. ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ అని ఒక పరీక్ష ఉంటుంది. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో చదివే పిల్లలకు, తల్లిదండ్రుల ఏడాది ఆదాయం మూడున్నర లక్షలు మించకపోతే చాలు. అందులో ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏడాదికి 12,000 కేంద్ర ప్రభుత్వం ఇస్తుంది. నాలుగేళ్లకు 48,000. మనం స్టేజీ మీద ఇచ్చే చెక్కుకు దాదాపు పది రెట్లు. ఒక పిల్లను ఆ పరీక్షకు కూర్చోబెట్టి, రెండు నెలలు సాయంత్రం పూట లెక్కలు చెప్పడానికి మనకు అయ్యే ఖర్చు ఎంత? పుస్తకాల ఖర్చే. మరి మన సంఘం తరఫున ఇప్పటిదాకా ఎంతమందిని కూర్చోబెట్టాం? నాకు తెలిసి ఎవరినీ లేదు. ఎందుకంటే ఎనిమిదో తరగతి పిల్లలకు మన సన్మానం లేదు కాబట్టి వాళ్లు మన కంటికి కనపడరు.

"సమాచారం వాట్సాప్‌లో పెడుతున్నాం కదా" అంటారు కొందరు. నిజమే, పెడుతున్నాం. దాని గురించి ఒక పరిశోధన చెప్తాను. అమెరికాలో పేద కుటుంబాల పిల్లలు కాలేజీ ఆర్థిక సాయం కోసం ఒక పెద్ద ఫారం నింపాలి. 2012లో అచ్చయిన అధ్యయనం ఇది, ఒహాయో, నార్త్ కరోలినా రాష్ట్రాల్లో చేశారు. ఆదాయపు పన్ను కాగితాలు నింపించుకోవడానికి ఒక సంస్థ ఆఫీసుకు వచ్చిన కుటుంబాలను గుంపులుగా విడగొట్టారు. ఒక గుంపుకు సాయం ఎంత వస్తుందో సమాచారం మాత్రం ఇచ్చారు. ఇంకో గుంపుకు అక్కడే పక్కన కూర్చుని ఫారం నింపిపెట్టారు. సమాచారం మాత్రమే అందినవాళ్లలో తేడా ఏమీ రాలేదు. ఫారం నింపిపెట్టిన కుటుంబాల్లో, రెండేళ్లు కాలేజీ చదువు పూర్తి చేసిన పిల్లలు 28 శాతం నుంచి 36 శాతానికి పెరిగారు. డబ్బు ఎక్కువ ఇవ్వలేదు. ట్యూషన్ చెప్పలేదు. కాసేపు పక్కన కూర్చున్నారు, అంతే. అంత చదువుకున్న దేశంలోనే పేదవాడికి పక్కన మనిషి కావాల్సి వస్తే, మన దగ్గర వాట్సాప్ ఫార్వర్డ్ సరిపోతుందా?

మన పెద్దలకు ఈ సంగతి పరిశోధన లేకుండానే తెలుసు. నిజాం కాలంలో ఉస్మానియా యూనివర్సిటీ మొదలైన 1918లోనే హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ పెట్టారు. పల్లెల నుంచి వచ్చిన పిల్లాడికి పట్నంలో చదువు ఉంది, కానీ ఉండటానికి చోటు లేదు, పలకరించే మనిషి లేడు. ఆ హాస్టల్ ఆ రెండూ ఇచ్చింది. సురవరం ప్రతాపరెడ్డి గారంతటి మనిషి ఆ హాస్టల్ బాధ్యత మోశారు. పత్రిక నడిపే పండితుడికి పిల్లల బాగోగులు చూడటం చిన్న పని అనిపించలేదు.

మన జిల్లాలోనే చూడండి. భాల్కి హిరేమఠం చన్నబసవ పట్టద్దేవరు గారి కథ బీదర్‌లో తెలియనివాళ్లు లేరు. కన్నడంలో బడి నడపడం కష్టంగా ఉన్న ఆ రోజుల్లో బయట ఉర్దూ బోర్డు పెట్టి లోపల కన్నడం చెప్పించారు. అనాథ పిల్లలను మఠంలో పెట్టుకుని చదివించారు. ఇంకా వెనక్కి పోతే బీదర్ కోట దగ్గర మహమూద్ గవాన్ మదరసా ఉంది, 1472లో పూర్తయింది. మనం పోయినప్పుడల్లా మినారు ముందు ఫోటోలు దిగుతాం. ఆ కట్టడంలో తరగతి గదులతో పాటు విద్యార్థులు, గురువులు ఉండటానికి గదులు కట్టారన్న సంగతి గమనించం. చదువంటే పాఠం ఒక్కటే కాదు, పిల్లాడు నిలబడే చోటు కూడా అని అయిదు వందల ఏళ్ల కింద కట్టినవాడికి తెలుసు.

ఇవాళ్టి సంగతి చెప్పాలంటే, బీదర్‌లో షాహీన్ సంస్థ 1989లో పద్ధెనిమిది మంది పిల్లలతో మొదలైంది. ఇప్పుడు దేశం నలుమూలల నుంచి పిల్లలు నీట్ చదవడానికి బీదర్ వస్తున్నారు. బీదర్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది, వెటర్నరీ యూనివర్సిటీ ఉంది. ఊరోళ్లు బండెక్కి బీదర్ వస్తుంటే, నిర్ణా పిల్లాడికి మాత్రం బీదర్ దూరం. 2011 లెక్కల్లో మన జిల్లా అక్షరాస్యత 70.51 శాతం, రాష్ట్రానిది 75.36. ఆ తేడాలో మన ఇళ్లవాళ్లు కూడా ఉన్నారు.

ఇప్పుడు రెండో కథ. ఇది బాగా ముగిసిన కథ.

మన సంఘంలోనే ఒక రిటైర్డ్ టీచరమ్మ ఉన్నారు. పేరు రాస్తే ఒప్పుకోరు. వాళ్ల వీధిలో ఒక అమ్మాయికి ఎస్ఎస్ఎల్‌సిలో యాభై ఎనిమిది శాతం వచ్చింది. యాభై ఎనిమిదికి మన దగ్గర శాలువా లేదు. ఇంట్లో సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. టీచరమ్మ వాళ్ల నాన్న దగ్గర కూర్చుని "మూడేళ్లు నాకు అప్పగించు" అన్నారు. అమ్మాయిని పియుసిలో వేయించారు. తర్వాత నర్సింగ్ కోర్సు గురించి తనే నాలుగుచోట్ల ఫోన్ చేసి కనుక్కున్నారు. నాడకచేరికి మూడు సార్లు తనే తోడు పోయారు. 371(జె) సర్టిఫికెట్ తెప్పించారు. హాస్టల్‌లో మొదటి నెల పిల్ల ఏడ్చి వచ్చేస్తానంటే ప్రతి ఆదివారం ఫోన్ చేసి మాట్లాడారు. మూడేళ్లు ఆరేళ్లయ్యాయి. నాన్న ఎదురు చెప్పలేదు.

ఇవాళ ఆ అమ్మాయి బీదర్‌లో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. పోయిన నెల వాళ్ల తమ్ముడి ఫీజు తనే కట్టింది. మొత్తం మీద మీ చేతి నుంచి ఎంత ఖర్చయింది టీచర్ అని అడిగితే, "జిరాక్సులు, బస్సు చార్జీలు. లేడీసుకు టికెట్ తీసేశాక అదీ లేదు" అని నవ్వారు.

ఒకపక్క మంచి మార్కులు, శాలువా, చెక్కు ఉన్న పిల్లాడు దాబాలో. ఇంకోపక్క యాభై ఎనిమిది శాతం పిల్ల ఆసుపత్రిలో ఉద్యోగంలో. ఇద్దరి మధ్య తేడా తెలివి కాదు, డబ్బు కాదు. ఒకరి వెనక టీచరమ్మ ఉంది.

నా కథ కూడా అదే. పదో తరగతి అయ్యాక నన్ను జహీరాబాద్‌లో చుట్టాల కిరాణా కొట్లో పెట్టడానికి మాట అయిపోయింది. మా లెక్కల సారు ఒకరోజు పొద్దున్నే ఇంటికొచ్చి, "చొక్కా మార్చుకో" అని హుమ్నాబాద్ బస్సు ఎక్కించి, కాలేజీలో ఫారం తనే నింపి, ఫీజు తనే కట్టి, సాయంత్రం ఇంటి దగ్గర దింపి పోయారు. మా నాన్నకు ఒక్కటే మాట చెప్పారు. "కొట్టు ఎక్కడికీ పోదు, రెండేళ్ల తర్వాత కూడా ఉంటది." నాకు ఎవరూ సన్మానం చేయలేదు. ఆ ఒక్క రోజు ఆయన బస్సెక్కకపోతే ఇవాళ మీకు ఈ పోస్టు రాసేవాడిని కాదు.

అందుకే కమిటీ ముందు నా ప్రతిపాదన పెడుతున్నాను.

ఒకటి. ఈ ఏడు సన్మాన సభ చిన్నగా చేద్దాం. పోయినేడు లెక్కలు మనందరం చూశాం. టెంటు, భోజనాలు, ఫ్లెక్సీలు, జ్ఞాపికలు, అతిథుల కార్లు. పిల్లల చేతికి పోయినదానికంటే ఇవే ఎక్కువ. బడి వరండాలో కుర్చీలు వేసి, చాయ్ బిస్కెట్‌తో చేద్దాం. మిగిలిన డబ్బు ఒక అత్యవసర నిధిగా పెడదాం. పరీక్ష ఫీజు కట్టే ఆఖరి రోజు, సర్టిఫికెట్ ఆగిపోయిన రోజు, హాస్టల్ అడ్వాన్సు కట్టే రోజు ఆ డబ్బు అక్కరకు రావాలి.

రెండు. మార్కుల జాబితా కాదు, పిల్లల జాబితా రాద్దాం. మన ఇళ్లలో ఎనిమిదో తరగతి నుంచి మొదటి ఉద్యోగం దాకా ఉన్న ప్రతి పిల్లా పిల్లాడి పేరు. ఫెయిలైనవాళ్ల పేర్లు ముందు. ఇప్పుడు కర్ణాటకలో ఎస్ఎస్ఎల్‌సి తప్పినవాళ్లకు అదే ఏడాది మళ్లీ రాసే అవకాశం ఉంది. ఫెయిలైన పిల్లాడు మొహం చాటేసుకుని పట్నం పారిపోయే ఆ రెండు వారాల్లోనే మనం వాడి ఇంటికి పోవాలి. పాసైనవాడి ఇంటికి ఎలాగూ అందరూ పోతారు.

మూడు. ప్రతి సభ్యుడు ఇద్దరు పిల్లలను తీసుకోవాలి. తీసుకోవడం అంటే దత్తత కాదు, డబ్బు కాదు. ఆదివారం ఒక ఫోన్. ఏడాదికి రెండు సార్లు ఇంటికి పోవడం. ఒక ప్లాస్టిక్ ఫైలు కొని అందులో ఆధార్, మార్కుల కార్డులు, కులం, ఆదాయం, 371(జె), బ్యాంకు పాసుబుక్కు జిరాక్సులు పెట్టించడం. ఏ దరఖాస్తుకు ఏ ఆఖరి తేదీయో ముందే చెప్పడం. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు. మన పిల్లలకు తేదీ దాటాకే దీపం గుర్తొస్తోంది.

నాలుగు. ఏ పిల్లనైనా సరిహద్దు దాటించి చేర్చే ముందు ఎవరో ఒక సభ్యుడితో మాట్లాడాలని ఇంటింటికీ చెప్దాం. అటు పోవద్దని కాదు. సిఇటికి కర్ణాటకలో ఏడేళ్ల చదువు, ఇక్కడి ఎస్ఎస్ఎల్‌సి లేదా పియుసి ఉంటే దారి మూసుకుపోదు. కొందరికి అటే మంచిది కావచ్చు. కానీ లెక్క చూసుకుని పోవాలి, మేనమామ పిలిచాడని కాదు. ఆడపిల్ల విషయంలో ఇంకో లెక్క కూడా ఉంది. 2023 జూన్ నుంచి ఆమెకు హుమ్నాబాద్‌కో బీదర్‌కో ఆర్టీసీ ఆర్డినరీ బస్సులో టికెట్ లేదు. రోజూ పోయి వచ్చే చదువుకు అది చిన్న విషయం కాదు.

అయిదు. ఉద్యోగం దాకా వదలొద్దు. డిగ్రీ పట్టా రాగానే మన పని అయిపోయిందనుకుంటాం. అసలు పల్లెటూరి పిల్లాడు పడిపోయేది అక్కడే. ఇంటర్వ్యూలో నోరు పెగలదు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బజార్లో దక్కనీ మాట్లాడే పిల్లాడు నిజానికి మూడు భాషలవాడు. ఇంగ్లీషు ముందు మాత్రం మూగవాడైపోతాడు. "ఉద్యోగం గ్యారంటీ, యాభై వేలు కట్టు" అనే బ్రోకర్ చేతిలో పడతాడు. హైదరాబాద్, బెంగళూరు, పటాన్‌చెరుల్లో ఉన్న మన సభ్యులు నెలకు ఒక గంట ఫోన్‌లో ఇంటర్వ్యూ చేయించలేరా? ఫ్యాక్టరీల్లో పెద్ద పోస్టుల్లో ఉన్నవాళ్లకు ఇంకో మాట. ముప్పై మంది, ఆపైన సిబ్బంది ఉన్న సంస్థ అప్రెంటిస్‌లను తీసుకోవడం చట్టప్రకారం తప్పనిసరి. వాళ్లకు స్టైపెండ్ వస్తుంది. ఆ ఖాళీల కబురు నోటీసు బోర్డు మీదే ఉండిపోకుండా మన జాబితాలోని పిల్లాడికి చేరవేస్తే చాలు. సిఫారసు చేయమనడం లేదు, కబురు చేయమంటున్నాను.

కొన్ని అభ్యంతరాలు వస్తాయని తెలుసు.

"మాకు టైం ఎక్కడిది?" ఆదివారం పది నిమిషాలు. మన గ్రూపులో రాజకీయాల మీద మనం కొట్టుకునే టైంలో పదో వంతు.

"పిల్లలు మన మాట వింటారా?" కొందరు వినరు. టీచరమ్మకు కూడా ఒక పిల్లాడు మధ్యలోనే ఫోన్ ఎత్తడం మానేశాడట. ముగ్గురిలో ఇద్దరు నిలబడ్డారు. నాకు ఆ లెక్క చాలు. పైగా మనం వాళ్లకు మాట చెప్పడానికి పోవడం లేదు, ముందు వాళ్ల మాట వినడానికి పోవాలి. దాబా పిల్లాడికి లెక్కలు ఇష్టం అని నాకు మూడేళ్ల కిందే తెలుసు. ఇంట్లో అప్పు ఎంత ఉందో మాత్రం అడగలేదు.

"పేదవాడికి సలహాలు తిండి పెడతాయా, డబ్బే ముఖ్యం" అని ఒక పెద్దాయన అన్నారు. డబ్బు వద్దని నేను ఎక్కడా అనలేదు. ఆకలి ముందు సలహా సిగ్గుచేటు. అందుకే అత్యవసర నిధి అంటున్నాను. కానీ డబ్బు ఎప్పుడు, ఎక్కడ, ఎంత అవసరమో తెలియాలంటే ఆ ఇంటి గడప తొక్కిన మనిషి ఉండాలి. స్టేజీ మీద నుంచి అది కనపడదు.

ఇంకొకటి కాస్త ఇబ్బందిగా ఉంటుంది, అయినా చెప్తాను. "మన సంఘం డబ్బు, మన పిల్లలకే" అంటారు. సంఘం చందా సంగతి సర్వసభ్య సమావేశంలో తేల్చుకుందాం. కానీ ఆదివారం సాయంత్రం వరండాలో లెక్కలు చెప్తుంటే పక్కింటి లంబాడా పిల్ల వచ్చి కూర్చుంటే లేచి పొమ్మంటామా? ఉర్దూ బడి పిల్లాడు 371(జె) ఫారం తెస్తే నింపమా? నన్ను హుమ్నాబాద్ బస్సెక్కించిన లెక్కల సారు మన కులం కాదు, మన భాష కాదు. కన్నడిగ. ఆయన లెక్క చూసుకుని ఉంటే నేను కిరాణా కొట్లో ఉండేవాడిని.

చివరగా ఆ పిల్లాడి సంగతి. పోయిన నెల మనలో నలుగురం కలిసి కాలేజీవాళ్లతో మాట్లాడాం. బాకీలో కొంత తగ్గించారు, మిగతాది మేం సర్దాం. సర్టిఫికెట్లు చేతికి వచ్చాయి. వాడు ఇప్పుడు పొద్దున దాబాలో పనిచేసి మధ్యాహ్నం చదువుతున్నాడు. ఈసారి ఎక్కడ చేరాలో కాగితాలన్నీ ముందు పెట్టుకుని చూస్తున్నాం. మూడేళ్లు పోయాయి, అవి తిరిగి రావు. ఇంజనీరు అవుతాడో లేదో నాకు తెలియదు. ప్రతి ఆదివారం రాత్రి తొమ్మిదింటికి, దాబాలో రద్దీ తగ్గాక, వాడే ఫోన్ చేస్తున్నాడు. ఒక ఆదివారం నేనే మరిచిపోతే "కాకా, ఇవాళ ఆదివారం" అని గుర్తుచేశాడు.

ఇంకో సంగతి. ఈ పోస్టు తెలుగులో రాశాను కాబట్టి మన నిర్ణా పిల్లల్లో చాలామంది దీన్ని చదవలేరు. మాట్లాడతారు కానీ, బడిలో నేర్చుకున్న అక్షరాలు కన్నడం. వాళ్లకోసమని ఇదే మాటను వాయిస్‌గా రికార్డు చేసి పెడుతున్నాను. మీ ఇంటి చుట్టుపక్కల పిల్లలకు వినిపించండి. విన్నాక ఎవరైనా ఏదైనా అడిగితే, సమాధానం తెలియకపోయినా సరే, "కనుక్కుని చెప్తా బిడ్డా" అనండి. కనుక్కుని చెప్పండి.

ఆదివారం కమిటీకి వచ్చేటప్పుడు మీరు తీసుకోబోయే ఇద్దరు పిల్లల పేర్లు ఒక చీటీ మీద రాసుకుని రండి. నా చీటీ సిద్ధంగా ఉంది. ఒక పేరు మీకు తెలిసిందే. రెండోది ఎనిమిదో తరగతి పిల్ల, వచ్చే ఎన్ఎంఎంఎస్ పరీక్షకు.

ఉంటాను.